అల్ట్రాకు పేరిచ్చే ముందు నిద్ర లెక్క చూసుకోండి

మా రన్నింగ్ గ్రూపులో వారం రోజులుగా ఒకటే మాట. హాఫ్ మారథాన్ అయింది, ఫుల్ అయింది, ఇక అల్ట్రాయే! మారథాన్ 42.195 కిలోమీటర్లు, అది దాటితే ఏదైనా అల్ట్రాయే. 50 అంటే ఇంకో ఎనిమిదే కదా అంటున్నారు. రెండేళ్ల కింద నేనూ అలాగే అనుకుని పేరిచ్చాను.

ఆ ఎనిమిది కిలోమీటర్లు రేసు రోజున రావు. ఐదు నెలల ముందే ఇంట్లోకి వచ్చేస్తాయి. వారానికి 70 కిలోమీటర్లు. శనివారం లాంగ్ రన్, ఆదివారం అవే అలసిన కాళ్లతో ఇంకోటి. రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్లతో కాల్స్, తెల్లవారుజామున మూడున్నరకు అలారం. ఓ ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం కలుపుకుంటూ కంచం ముందే కునికాను. మా అమ్మ ఏమీ అనలేదు. నా చేయి పట్టుకుని కడిగి, కంచం తీసేసింది. శిక్షణ ఆపాల్సింది ఆ రోజే. ఆపలేదు.

రేసులో 38వ కిలోమీటరు దగ్గర మోకాలు నొప్పికి పెయిన్ కిల్లర్ వేసుకున్నాను. పూర్తయ్యాక బాత్రూమ్‌కి వెళ్తే మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని, వాటిలోని ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీల మీద పడిందని డాక్టరు చెప్పారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్ర కిడ్నీలకు ఇంకా చేటట. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అలాగని ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగకండి, సోడియం పడిపోతే అదీ ప్రాణం మీదకే వస్తుంది.

అల్ట్రా చెడ్డదని నేను అనను. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి కామ్రేడ్స్ అనే అల్ట్రా పరుగు జరుగుతోంది. దాదాపు 90 కిలోమీటర్లు, గడువు 12 గంటలు. అరవై దాటినవాళ్లూ పూర్తి చేస్తారు. ఎత్తు వస్తే నడుస్తారు, అందులో వాళ్లకు నామోషీ లేదు. ఏళ్ల తరబడి కట్టుకున్న ఒళ్లు అది. మనం హాఫ్ నుంచి అల్ట్రాకు ఏడాదిన్నరలో దూకుతున్నాం, అదీ గ్రూపులో ఫొటోలు చూసి. నా గొడవంతా ఆ తొందర మీదే.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చిన్న వయసులో ఎవరైనా గుండెపోటుతో పోయిన కుటుంబాలవాళ్లు ముందు గుండె డాక్టరును కలవండి. కోచ్ మాట ఆ తర్వాత. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు దారిలో షుగర్ పడిపోవచ్చు, మోతాదు సంగతి అడిగి తెలుసుకోండి. పరుగెడుతుంటే ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆగండి.

పరీక్షలన్నీ బాగున్నా ఇంట్లోవాళ్లను అడగండి. నెలల పిల్ల ఉన్న తమ్ముడొకడు మొన్న పేరిచ్చాడు. భార్య పిల్లతో రాత్రంతా మేలుకుంటే, పొద్దున్నే ఇతను నాలుగు గంటలు రోడ్డు మీద ఉంటాడా?

పేర్లు ఇవ్వడానికి నెలాఖరు దాకా టైముంది. ఈ రెండు వారాలు ఎన్ని గంటలు పడుకుంటున్నారో రోజూ కాగితం మీద రాయండి. ఆరు గంటలు దాటకపోతే ఈ ఏడాదికి వదిలేయండి. నాది ఐదున్నర వచ్చింది, వదిలేశాను.