చేయలేని పని ఒకటి ఉండాలి

రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే ఒక పాత్రగా మారి ఆడే ఆటల్లో, సొంత క్యారెక్టర్ తయారు చేసుకునేవాళ్లు ముక్కు, జుట్టు, బుగ్గ మీద మచ్చ దగ్గరే గంటలు గడుపుతారు. గతం రాయాల్సి వచ్చేసరికి మాత్రం చాలామంది ఒకే దారి పడతారు. ఊరు తగలబడింది, అమ్మానాన్నలు పోయారు, పగ తీర్చుకోవాలి. పగ రాయడం తప్పని కాదు. కానీ దానివల్ల ఆటలో ఏం మారుతుంది? పగ ఉన్నవాడూ కత్తి తిప్పుతాడు, లేనివాడూ తిప్పుతాడు. దొరికిన ప్రతి పెట్టెనూ ఇద్దరూ తెరుస్తారు.

బ్యాక్‌స్టోరీ, అదే క్యారెక్టర్ గతం, అంటే ఆ మనిషి చేయలేని పని ఒకటి తేల్చేది అని నా గట్టి నమ్మకం. కర్ణుడిని చూడండి. అతని పుట్టుక కథ మనల్ని నిజంగా పట్టేసేది యుద్ధంలో. భీముడు చేతికి చిక్కినా చంపకుండా వదిలేస్తాడు. కుంతికి ఇచ్చిన మాట అక్కడ అడ్డం నిలబడింది కాబట్టే ఆ గతానికి అంత బరువు.

ఆటలు తయారు చేసేవాళ్లు ఈ గతాన్ని రకరకాలుగా వాడుకున్నారు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే టేబుల్ మీద ఆడే ఆటలో పాచికలు వేస్తూ క్యారెక్టర్ ఉద్యోగ జీవితమంతా నడపాలి. పాచిక తిరగబడితే అసలు ఆట మొదలవకముందే అతను చనిపోయేవాడు. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే వీడియో గేమ్‌లో ఆరు ప్రారంభ కథలు ఉన్నాయి, ఎంచుకున్నదాన్ని ముందు ఆడి తీరాలి. కులం లేని మరుగుజ్జుగా మొదలుపెట్టినవాడు తర్వాత తన సొంత నగరానికి తిరిగి వెళ్తే, రాజకుటుంబంలో పుట్టినవాడికి వినబడని మాటలు వినబడతాయి. సైబర్‌పంక్ 2077లో మూడు లైఫ్‌పాత్‌లు, అంటే ఎంచుకోవడానికి మూడు రకాల గతాలు, పెట్టారు గానీ, మొదటి భాగం దాటాక అవి ఎక్కువగా అదనపు డైలాగులుగానే మిగిలాయి. నాకది నిరాశే.

2011లో వచ్చిన స్కైరిమ్ అయితే మీ గతం గురించి దాదాపు ఏమీ చెప్పదు. చేతులు కట్టేసి బండిలో మరణశిక్షకు తీసుకెళ్తుంటారు, అంతే. నాకు అందుకే ఇష్టం. అందులో మీ క్యారెక్టర్‌గా ఒక సైనిక వైద్యురాలిని ఊహించండి. ఒకప్పుడు లొంగిపోయిన శత్రువు కుర్రాడికి కట్టు కట్టకుండా చావనిచ్చింది, అదే ఆమె గతం. ఇక లొంగినవాడి మీద ఆమె చేయి లేవదు. ఆ ఆటలో చావుకు దగ్గరపడ్డ దొంగ ఒక్కోసారి మోకాళ్ల మీద కూలబడి ప్రాణభిక్ష అడుగుతాడు. వదిలేస్తే కాసేపటికి లేచి మళ్లీ మీద పడతాడు. మామూలు ఆటగాడు ఆ క్షణంలోనే పని ముగించేస్తాడు. ఈమె ఆగాలి. దెబ్బ తినాలి, లేదా పరుగెత్తాలి, వాడి దగ్గర దోచుకోగల సొత్తు వదులుకోవాలి. ఆట రాసినవాళ్లకు ఈ వైద్యురాలు ఉందని కూడా తెలియదు. అయినా ప్రతి పోరాటంలో ఆమె ఉంటుంది, ఎందుకంటే ఆడేవాళ్లు నష్టపోతూ ఆమెను నిలబెడుతున్నారు.

అందుకే పేజీలకు పేజీలు రాయొద్దంటాను. పుట్టిన తేదీ నుంచి ఇష్టమైన రంగు దాకా అన్నీ నింపేస్తే ఆటలో కొత్తగా తెలుసుకోవడానికి ఏం మిగులుతుంది? ఎవరికో ఇచ్చిన మాట, తీరని బాకీ, బయటపడకూడని అబద్ధం, ఇలాంటిదొకటి చాలు. క్లాస్ (యోధుడా, మాంత్రికుడా అన్నది), స్టాట్స్ (బలం, చురుకుదనం లాంటి వాటికిచ్చే పాయింట్లు) దాన్నుంచే రానివ్వండి. కాలు కుంటి అని రాసుకుని చురుకుదనానికి పాయింట్లన్నీ పోస్తే ఆ కాలు కాగితం మీదే ఉండిపోతుంది. ఇంకో మాట. గతం వల్ల తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టిందని పాత సేవ్ లోడ్ చేసి ఆటను వెనక్కి తిప్పకండి. టెన్షన్ పడండి, ముందుకే వెళ్లండి.

పిల్లలు ఇలా మనుషుల్ని పుట్టిస్తుంటే చాలా ఇళ్లలో అది టైమ్ వేస్ట్ అనుకుంటారు. కథ రాయడంలో అన్నిటికంటే కష్టమైన భాగాన్ని వాళ్లు ఇష్టంగా చేస్తున్నారు. మన సంఘం కథల పోటీల్లో వాళ్ల కోసం ఒక విభాగం పెట్టాలని కోరుతున్నాను. సొంత క్యారెక్టర్ గతం, పది వాక్యాలు మించకుండా, తెలుగులో. ఆ మనిషి ఏం చేయలేడో, ఎందుకు చేయలేడో అందులో ఉండాలి. బహుమతి ఇచ్చే ముందు ఆ క్యారెక్టర్‌తో ఎలా ఆడారో పిల్లల నోటే చెప్పించాలి.