మేరీ మాత పిన్ని కూతురి వంశం

క్రీ.శ. 825 ప్రాంతంలో ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్యం మెర్విన్ వ్రిఖ్ అనే ఆయన చేతికొచ్చింది. 844లో ఆయన పోయాడు. పోయినట్టు ఆనాటి వార్షిక వృత్తాంతాల్లో ఒక ముక్క ఉంది. ఎప్పుడు పుట్టాడో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

రాసిపెట్టకపోతే మాత్రం మనం ఊరుకుంటామా? ఇంటర్నెట్‌లో వంశవృక్షాలు తెరిచి చూడండి. మెర్విన్ గారి పుట్టిన సంవత్సరం ఠంచనుగా ఉంటుంది. దాని పక్కనే గడ్డం, కిరీటం, గంభీరమైన చూపుతో ఒక బొమ్మ. ఇంత శ్రమపడ్డవాళ్ళు బ్లడ్ గ్రూప్ ఎందుకు వదిలేశారో తెలీదు. నదీమూలం, ఋషిమూలం అడగకూడదని మనవాళ్ళు అన్నారు గానీ, ఆ జాబితాలో రాజుమూలం కూడా చేర్చి ఉంటే నాకు ఈ తలనొప్పి తప్పేది.

అయితే ఈ తవ్వకం ఇవాళ్టి కంప్యూటర్లు మొదలుపెట్టింది కాదు. బ్రిటిష్ లైబ్రరీలో హార్లియన్ 3859 అనే లాటిన్ రాతప్రతి ఉంది, 1100 ప్రాంతంలో తీసిన నకలు. అందులోని వంశావళులు కూర్చింది మాత్రం అంతకుముందే, మెర్విన్ మునిమనవడి కొడుకు ఓవైన్ కాలంలో. ఆ ఓవైన్ 988లో పోయాడు. మొదటి వంశావళి ఆయన తండ్రి వైపుది, రెండోది తల్లి వైపుది. ఆ పని ఎలా జరిగి ఉంటుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

"ప్రభూ, నాన్నగారి వైపు ఎంతవరకు పోనిమ్మంటారు?"

"ఎంతవరకు వచ్చావయ్యా?"

"కునెద దాకా వచ్చానండి. ఎనిమిది మంది కొడుకులతో ఉత్తరం నుంచి దిగి ఐరిష్‌వాళ్ళని తరిమేసిన మహానుభావుడు."

"కునెద అందరికీ ఉన్నాడు. ఇంకా పైకి పో."

గుమాస్తా ఈకకలం సిరాలో ముంచాడు. పదేసి పేర్లు ఊపిరి తీసుకోకుండా గీకాడు. "బెలి మహారాజు దాకా తెచ్చాను ప్రభూ."

"ఆయన తల్లెవరు?"

"ఆనా అనుకుందామండి."

"ఉత్త ఆనాయేనా? మేరీ మాత అని రాసెయ్."

గుమాస్తా చేతిలో కలం జారింది. "ఆవిడ కన్య ప్రభూ. బిషప్ గారు నన్ను తగలబెడతారు."

"పోనీ, మేరీ మాత పిన్ని కూతురు?"

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. సువార్తలు నాలుగూ మనసులో తిరగేశాడు. మేరీ మాతకు పిన్ని కూతురు లేదని ఎక్కడా లేదు. "అలాగే ప్రభూ. కాకపోతే చివర 'అంటారు' అని ఒక్క ముక్క తగిలిస్తాను. రేపు ఎవరైనా నిలదీస్తే..."

"తగిలించుకో. భోజనానికి వేళయింది."

సంభాషణ నా కల్పన. ఆ 'అంటారు' మాత్రం కాదు. లాటిన్‌లో అక్షరాలా ఉంది: బెలి తల్లి ఆనా, మన ప్రభువైన ఏసుక్రీస్తు తల్లి కన్య మేరీకి ఆమె పిన్ని కూతురు అంటారు. ఆ పత్రంలో నాకు నమ్మకం కలిగించిన మాట ఇదొక్కటే.

తల్లి వైపు సరుకు దీనికి తీసిపోలేదు. ఓవైన్ తల్లి ఎలెన్ నైరుతి వేల్స్‌లోని డవెద్ రాజుల ఆడపడుచు. ఆ గొలుసు పైకి పోయి పోయి కాన్‌స్టంటైన్ చక్రవర్తినీ, క్రీస్తు సిలువను వెతుక్కుంటూ బ్రిటన్ నుంచి జెరూసలేం వెళ్ళిన హెలెన్‌నీ పట్టుకుంటుంది. దారిలో ఒకచోట 'ప్రొటెక్' అనే రాజు, అతని తండ్రి 'ప్రొటెక్టర్' తగులుతారు. ప్రొటెక్టర్ అనేది రోమన్ సైన్యంలో ఒక హోదా. తహసీల్దారుకి తహసీలు అనే కొడుకు పుట్టాడని రాసుకున్నట్టుంది. ఇదే డవెద్ రాజవంశం తమ దేశం నుంచి వలస పోయినవాళ్ళదని ఐర్లండ్‌లో వేరే వంశావళి ఉంది. సముద్రం ఆ ఒడ్డున ఐరిష్ రక్తం, ఈ ఒడ్డున రోమన్ రక్తం.

ఇవి కాలక్షేపానికి రాసుకున్నవి కావు. వేల్స్ చట్టాల్లో భూమిలో వాటా రావాలన్నా, హత్య జరిగితే పరిహారం బంధువుల మధ్య పంచాలన్నా చుట్టరికం లెక్క తేలాల్సిందే. రాజుకైతే సింహాసనమే ఆ లెక్క మీద కూర్చుంటుంది. అందుకే మెర్విన్ దగ్గరికొచ్చేసరికి అందరికీ టెన్షన్. ఎందుకంటే ఆయన బయటివాడు. తండ్రి పేరు గురియాద్. మాన్ దీవిలో 'గురియాద్ సిలువ' అని చెక్కిన రాయి ఒకటి ఉంది. అతనే ఇతనని తేల్చే ఆధారం లేదు. గ్వినెద్ పాత రాజవంశంతో మెర్విన్‌ని కలిపేది ఎథిల్ అనే ఒక్క మనిషి, 816లో పోయిన కనన్ రాజు కూతురు. హార్లియన్ ప్రతిలో ఓవైన్ ముత్తాత రోద్రి, రోద్రి తండ్రి మెర్విన్, మెర్విన్ తల్లి ఎథిల్, ఆమె తండ్రి కనన్. అక్కణ్ణుంచి కునెద దాకా అందరూ మగాళ్ళే.

తర్వాతి శతాబ్దాల వంశావళుల్లో ఈ ఎథిల్ మెర్విన్‌కి భార్య అయిపోయింది. రోద్రి తల్లి అని ఇంకొన్ని వంశావళులు చెప్పిన, పోవిస్ అనే పొరుగు రాజ్యపు రాకుమారి నెస్ట్ వెళ్ళి మెర్విన్ తల్లి స్థానంలో కూర్చుంది. అత్త కోడలైంది, కోడలు అత్తయింది. రోద్రికి గ్వినెద్ మీద హక్కు ఒకరి నుంచి, పోవిస్ మీద హక్కు ఇంకొకరి నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ పండితులకి, వాళ్ళలో ఎవరు ఎవరిని కన్నారో గుర్తుపెట్టుకునే ఓపిక లేకపోయింది! తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మేరీ మాత పిన్ని కూతురు పేరు తెలుసు. సొంత రాజు అమ్మెవరో తెలీదు. 812లో డెగాన్వి కోట మీద పిడుగు పడి తగలబడిందని వార్షిక వృత్తాంతాల్లో శ్రద్ధగా రాశారు. ఎథిల్ ఏ సంవత్సరం చనిపోయిందో రాయడానికి అందులో ఒక్క వరస దొరకలేదు. వంశం మొత్తం ఆమె మీద నిలబెట్టి, ఆమెని మాత్రం మెట్టులా తొక్కి పైకెక్కారు. సిగ్గులేదా అని అడుగుదామంటే అందరూ పోయారు.

నెస్ట్ తోబుట్టువు కింగెన్, పోవిస్ రాజు. లాంగొల్లెన్ దగ్గర ముత్తాత ఎలిసెగ్ పేరిట రాతి స్తంభం నిలబెట్టాడు. 1696లో ఎడ్వర్డ్ లూయిడ్ నకలు తీసుకోబట్టి సరిపోయింది, ఇప్పుడు ఆ రాత కనిపించదు. చదవగలిగినంతలో అందులో మిగిలిన ఆడమనిషి సెవిరా ఒక్కతే, అదీ రోమన్ చక్రవర్తిని చంపిన మాక్సిమస్ కూతురు కాబట్టి. ఆమె కొడుకు బ్రిటు, బ్రిటు తండ్రి బ్రిటన్ల రాజు వోర్టిజెర్న్.

కానీ మెర్విన్ ఏలుబడిలోనే 829-830లో కూర్చిన 'బ్రిటన్ల చరిత్ర' అనే గ్రంథంలో వోర్టిజెర్న్ సొంత కూతుర్ని పెళ్ళాడిన దుర్మార్గుడు. పోవిస్ రాజుల మూలపురుషుడు అందులో కాదెల్ అనే సేవకుడు. అతనికున్నది ఒక ఆవు, దాని దూడ. రాజు కోట తలుపు తియ్యకపోతే బయట నిలబడిపోయిన జెర్మానస్ అనే సాధువుని ఇంటికి పిలిచి, ఆ దూడనే కోసి వండిపెట్టాడు. తెల్లారేసరికి దూడ తల్లి పక్కన నిక్షేపంగా నిలబడి ఉందట. నన్నడిగితే ఈ జాబితా మొత్తంలో చుట్టరికం కలుపుకోదగ్గ మనిషి అతనే. స్తంభం మీద మనకు దొరికిన రాతలో అతని ప్రస్తావన లేదు.

ఇప్పటివాళ్ళు ఈ కథలన్నీ ఒకే చెట్టులో కుమ్మరించుకుంటున్నారు. రెండు రకాల వంశావళుల్నీ కలిపి కాపీ కొడితే ఎథిల్ సొంత కొడుక్కే భార్య అవుతుంది. వోర్టిజెర్న్ మీద వేసిన నిందకి ఏమాత్రం తగ్గని పనిని ఒక్క క్లిక్కుతో చేసెయ్యొచ్చు, కంప్యూటర్ కిక్కురుమనదు.

1190ల్లో గెరాల్డ్ అనే మతాధికారి వేల్స్ గురించి రాస్తూ, అక్కడి కవిగాయకులు రోద్రి నుంచి మేరీ మాత దాకా, అక్కణ్ణుంచి ట్రాయ్ వీరుడు ఈనియస్ దాకా, అక్కణ్ణుంచి ఆదాము దాకా గడగడా అప్పజెప్తారన్నాడు. ఇది చాలామందికి చరిత్రలా కాక బూటకంలా కనిపిస్తుంది కాబట్టి కావాలనే వదిలేస్తున్నానని కూడా అన్నాడు. గెరాల్డ్ సొంత డబ్బా కొట్టుకోవడంలో ఆరితేరినవాడు. పైగా ఆ చెట్టు పరాయివాళ్ళది కాదు, వాళ్ళ అమ్మమ్మ ఆ రోద్రి వంశపు ఆడపడుచే.