చలి మీద నెపం వేయకండి

డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున నాలుగున్నరకి నా ఫోన్ మోగుతుంది. "మేస్త్రీ, బండి లేవట్లేదు. బాగా చలి కదా!" ఇరవై ఆరేళ్లుగా ఇదే మాట. నర్సీపట్నంలో పాత డీజిల్ బళ్లు బాగుచేసే షెడ్డు నాది. చింతపల్లి, లంబసింగి వైపు తిరిగే ప్రైవేటు బస్సులు, స్కూలు బస్సులే ఎక్కువగా వస్తాయి. ఆ మాట విని విని కడుపు మండి ఇది రాస్తున్నాను. ఒళ్లు బాగున్న ఇంజిన్‌ని మన చలి ఆపలేదు. అది చేసేదల్లా మనం ఏడాదంతా దాచిపెట్టిన లోపాన్ని బయటికి లాగడమే.

లంబసింగి చలి తక్కువని అనను. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. కొన్ని ఏళ్లలో సున్నా దగ్గరికీ దిగుతుంది. అయినా లద్దాఖ్ సంగతి చూడండి. అక్కడి చలికి మామూలు డీజిల్ గడ్డకడుతుందని 2019లో ఇండియన్ ఆయిల్ వాళ్లు మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తీసుకొచ్చారు. అలాంటి చోట కూడా బళ్లు తిరుగుతున్నాయి. మన ఘాట్ మీద ఐదారు డిగ్రీలకే బస్సు మొరాయిస్తే తప్పు చలిదా, బండిని చూసుకోని మనదా?

డీజిల్ ఇంజిన్‌కి పెట్రోల్ బండిలా స్పార్క్ ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చెయ్యి కాలేలా వేడెక్కుతుంది కదా, ఇంజిన్ లోపల జరిగేదీ అదే. పిస్టన్ గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకి నొక్కేస్తుంది. ఆ గాలి ఐదొందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. ఇదంతా జరగాలంటే సెల్ఫ్, అంటే బ్యాటరీతో నడిచే స్టార్టరు మోటారు, ఇంజిన్‌ని గట్టిగా తిప్పాలి. నిమిషానికి కనీసం వంద, నూట యాభై చుట్లు తిరగాలి. మెల్లగా తిప్పితే నొక్కిన గాలి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి జారిపోతుంది, మిగిలిన వేడిని చల్లటి ఇనుము తాగేస్తుంది. డీజిల్ మండకుండా తెల్లటి పొగలా సైలెన్సర్‌లోంచి వచ్చేస్తుంది. ఆ పొగ చూసి "ఇంజిన్ పోయింది" అని బెంబేలెత్తిపోతారు. తొంభై శాతం పోయేది బ్యాటరీ, లేకపోతే దాని వైర్లు.

ఎందుకంటే సున్నా డిగ్రీల దగ్గర మంచి బ్యాటరీకే సత్తువ మూడో వంతు తగ్గిపోతుంది. అదే సమయానికి ఇంజిన్ ఆయిల్ జిగురులా చిక్కబడి తిప్పడం ఇంకా బరువవుతుంది. అంటే బలం తక్కువగా ఉన్న పూటే పని ఎక్కువ పడుతుంది. బ్యాటరీ కొత్తదైతే ఆ లోటు తట్టుకుంటుంది. నాలుగేళ్ల క్రితం కొన్నదైతే, డైనమో బెల్టు వదులై రోజూ సగమే చార్జ్ అవుతుంటే, వేసవిలో ఎలాగో నెట్టుకొస్తుంది, చలికాలంలో చేతులెత్తేస్తుంది. అప్పుడు మనకి కనిపించేది చలి ఒక్కటే.

పోయిన జనవరిలో జరిగింది చెబుతాను. ఓనరు పేరు, ఊరు పేరు వద్దు. పాత లేలాండ్ బస్సు, ఘాట్ పైన ఓ ఊళ్లో రాత్రి ఆపుతారు, ఐదు గంటలకి మొదటి ట్రిప్పు. నేను బైక్ మీద చేరేసరికి అద్దాల మీద మంచు నీళ్లు కారుతున్నాయి. మంచులో పది అడుగుల అవతల ఏమీ కనబడట్లేదు. అప్పటికే పదిహేను మంది ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు సెల్ఫ్ కొడితే "గుర్ర్... గుర్ర్..." అని రెండుసార్లు మూలిగి "టక్" మని ఆగిపోతోంది. నేను బ్యాటరీ పెట్టె దగ్గరికి వెళ్లే లోపే క్లీనరు కుర్రాడు కర్రకి గుడ్డ చుట్టి, డీజిల్‌లో ముంచి, వెలిగించి గాలి పీల్చే గొట్టం దగ్గర పెట్టాడు. ఓనరు ఫోన్‌లో చెప్పాడట, "మంట చూపించరా, అదే లేస్తుంది" అని. ఇంజిన్ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు పేలి మంటని బయటికి ఊదింది. ఫిల్టరు కాగితం అంటుకుంది. వాడి కనుబొమలు, ముందు జుట్టు కాలిపోయాయి, చెంప కమిలింది. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు వాడికి. బస్సు నిండా మనుషులు.

ఇసుక చల్లి మంట ఆర్పాం. ఆ తర్వాత వెతికితే దొరికిందేంటో తెలుసా? బ్యాటరీ ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు, పాజిటివ్ లగ్గు (బ్యాటరీకి వైరు బిగించే ముక్క) చుట్టూ పచ్చగా, తెల్లగా పట్టిన పొట్టు. డ్రైవర్ని ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టమని, ఆపిన వెంటనే ఆ లగ్గు మీద వేలు పెట్టాను. చురుక్కుమని కాలింది. ఇంజిన్‌ని తిప్పాల్సిన కరెంటంతా అక్కడే వేడిగా మారి పోతోంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గీకి, బిగించి, పైన వాసెలిన్ రాశాను. ఇరవై నిమిషాల పని. ఖర్చు చూసుకుంటే ఇరవై రూపాయలు కూడా కాదు. క్లచ్ పూర్తిగా తొక్కమన్నాను. తొక్కితే గేర్‌బాక్స్‌లో చిక్కటి నూనెని కలిపే బరువు ఇంజిన్ మీద పడదు. రెండో సెల్ఫ్‌కి లేచింది.

ఆ కుర్రాడి మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మంట పెట్టడం ఒక్కటే కాదు. ఇంకొకరు గాలి పీల్చే గొట్టంలోకి ఈథర్ స్ప్రే కొడతారు, ఇట్టే అంటుకునే మందు అది. పిస్టన్ పైకి రాకముందే అది భగ్గుమని, రింగులు విరిగి, అసలే అంతంతమాత్రంగా ఉన్న కంప్రెషన్ కాస్తా పోతుంది. ఈసారి ఇంకొంచెం ఎక్కువ కొట్టాలి, ఆ పైసారి ఇంకా ఎక్కువ. మందుకి అలవాటు పడ్డ మనిషిలా అయిపోతుంది ఇంజిన్.

నాకు అన్నిటికంటే భయం వేసేది డౌన్‌లో పెట్టడం. రాత్రి బస్సుని వాలులో ఆపి, చక్రం కింద రాయి పెట్టి, పొద్దున రాయి తీసి దొర్లించి గేర్ వేస్తారు. దీన్ని తెలివి అంటారు. ఎయిర్ బ్రేకుల బండికి రాత్రంతా ట్యాంకుల్లో గాలి కారిపోయి ఉంటుంది. ఇంజిన్ తిరిగి కంప్రెసర్ ఆరేడు బార్ నింపే దాకా ఆ పెడల్ తొక్కినా తొక్కనట్టే. గేర్ పడి ఇంజిన్ లేస్తే సరే. లేవకపోతే? ఘాట్‌లో, మంచులో, బ్రేకు లేని పది టన్నులు. ఒకసారి ఓ బస్సు ఇలాగే దొర్లి మట్టిగట్టుకి తగిలి ఆగింది. గట్టు ఎడమవైపు ఉంది కాబట్టి సరిపోయింది. కుడివైపు లోయ.

ఓనర్లతో మాట్లాడితే అందరిదీ ఒకటే లెక్క. "రెండు బ్యాటరీలంటే పాతిక ముప్పై వేలు మేస్త్రీ, ఈ సీజన్ లాగిద్దాం." అయ్యా, మీరు లాగుతున్నది బ్యాటరీని కాదు. ఇరవై నాలుగు వోల్టులు ఇవ్వాల్సిన చోట సెల్ఫ్ కొట్టినప్పుడు పద్దెనిమిది కూడా నిలబడకపోతే సెల్ఫ్ మోటారు మాడుతుంది, రింగు గేరు పళ్లు అరుగుతాయి. డ్రైవరు భయపడి రాత్రంతా ఇంజిన్ ఆపకుండా ఉంచితే డీజిల్ తగలబడుతుంది. ఆ డీజిల్ లెక్క చూసి మళ్లీ డ్రైవర్నే తిడతారు. ముప్పై వేలు మిగిల్చానని అనుకున్న మనిషి అంతకు రెండింతలు పోగొట్టుకోవడం నేను నా రసీదు పుస్తకంలోనే చూశాను.

ఇక ఎక్కినవాళ్ల సంగతి. "దిగి తోయండి" అంటే మన జనం నవ్వుకుంటూ దిగుతారు. ఆ మొదటి బస్సు ఎక్కేది ఎవరు? నర్సీపట్నం ఆస్పత్రికి బయల్దేరిన ముసలమ్మ, పసిపిల్లతో ఉన్న తల్లి, రాజ్‌మా మూటలతో సంతకి పోయే గిరిజన రైతు, కాలేజీ పిల్లలు. టికెట్టు కొన్న మనిషి చలిలో దిగి బస్సు తోయాల్సి రావడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఆ బస్సు పోతే తర్వాతది రెండు గంటలకి వస్తుంది. డాక్టరు ఓపీ అయిపోతుంది, పరీక్ష మొదలైపోతుంది. మీరు తోయడానికి ఒప్పుకున్నన్నాళ్లూ ఓనరు బ్యాటరీ కొనడు.

డ్రైవర్ తమ్ముళ్లకి కూడా ఒక మాట. సెల్ఫ్ పది సెకన్లకి మించి పట్టుకోకండి. లేవకపోతే రెండు నిమిషాలు ఆగండి, ఆ కాస్త సేపట్లో బ్యాటరీ మళ్లీ తేరుకుంటుంది. సెల్ఫ్ బాగా తిరుగుతున్నా లేవట్లేదంటే అప్పుడు డీజిల్ సంగతి చూడాలి. ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ పూర్తిగా లోపలికి వెళ్లిందా? రాత్రి ఎక్కడైనా రాగి వాషర్ దగ్గర గాలి చొరబడి డీజిల్ ట్యాంకులోకి జారిపోయిందా? డీజిల్‌ని చేత్తో ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ గట్టిపడే దాకా ముప్పై నలభై సార్లు నొక్కండి. లేచాక రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరగనివ్వండి, గాలి నిండే దాకా కదలకండి. లేచిన ఆనందంలో యాక్సిలరేటర్ తొక్కి అరిపించకండి, ఆయిల్ ఇంకా పైకి ఎక్కి ఉండదు.

ఆ కుర్రాడు ఇప్పుడు వేరే బస్సులో చేస్తున్నాడు. ఈ చలికాలం మొదలైనప్పట్నుంచి అప్పుడప్పుడు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాడు. నిన్న కూడా చేశాడు. "మావా, సెల్ఫ్ కొట్టించి రెండు లగ్గులూ పట్టుకుని చూశా. చల్లగానే ఉన్నాయి. ఎర్త్ వైరు దగ్గర మాత్రం కొంచెం వెచ్చగా తగిలింది. గీకేశా."