గొర్రె పొట్టను తేల్చేది మేత భూమే

పశువుల మందుల షాపుల్లో ఇప్పుడు నట్టల మందు పక్కనే ప్రోబయోటిక్ పొడులు, ఈస్ట్ ప్యాకెట్లు, లివర్ టానిక్కులు వరసగా ఉంటున్నాయి. గొర్రె పొట్టలో మంచి బ్యాక్టీరియాను పెంచుతాం, బరువు తెప్పిస్తాం అన్నది వాటి మాట. షెడ్డు వేసి పొట్టేళ్లను పెంచే కొత్తతరం రైతులూ కొంటున్నారు, మంద తోలుకుని ఊళ్లు తిరిగే కాపరులూ కొంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. మేపుకొచ్చే మందకు సంబంధించినంత వరకు ఆ డబ్బులో ఎక్కువ భాగం దండగ. గొర్రె పొట్టలో ఏ బ్యాక్టీరియా నిలబడాలో తేల్చేది మేత. మేతను తేల్చేది భూమి.

నెమరు వేసే జంతువు గడ్డిలోని పీచును తనంతట తాను అరిగించుకోలేదు. మొదటి పొట్టలో (దాన్నే రూమెన్ అంటారు) కాపురముండే బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు దాన్ని పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాల నుంచే గొర్రెకు దాదాపు 70 శాతం శక్తి వస్తుంది. ఆ సూక్ష్మజీవులే చివరికి కింది పొట్టలోకి జారి, అరిగి, గొర్రెకు ప్రొటీన్ అవుతాయి. కాపరి ముందు మేపేది వాటిని, ఆ తర్వాతే గొర్రెను.

ఇక ప్యాకెట్ లెక్క చూద్దాం. ఒక్క మిల్లీలీటరు రూమెన్ ద్రవంలో వెయ్యి కోట్లకు తగ్గకుండా బ్యాక్టీరియా ఉంటుంది. పెద్ద గొర్రె మొదటి పొట్టలో ఆ ద్రవం తక్కువలో తక్కువ ఐదు లీటర్లు అనుకుందాం. మీరు పోసిన డోసులో వెయ్యి కోట్ల బ్యాక్టీరియా ఉందనుకున్నా, అది అక్కడున్న జనాభాలో ఐదు వేలో వంతు. చెరువులో చెంబెడు నీళ్లు పోసినట్టు. పైగా లోపల ఉన్నవి తరతరాలుగా అక్కడే పాతుకుపోయిన జీవులు, కొత్తగా వచ్చినదానికి చోటివ్వవు. రోజూ పోస్తే రోజూ కాస్త ప్రభావం ఉండొచ్చు, ఆపితే ఆగిపోతుంది. కంపెనీలకు కావలసిందీ అదే కదా.

మేత సంగతి అలా కాదు. 2015లో వెలువడిన ప్రపంచ రూమెన్ సర్వే 35 దేశాల్లో, 32 రకాల జంతువుల నుంచి 742 నమూనాలు తీసి చూసింది. ఏ ఖండంలోనైనా ప్రధాన బ్యాక్టీరియా కుటుంబాలు ఇంచుమించు అవే. వాటి పాళ్లు మారడానికి మొదటి కారణం మేత, ఆ తర్వాతే జంతువు జాతి.

అంత దూరం పోనక్కర్లేదు, చిటుక రోగం గురించి మన కాపరులకు ఎవరూ చెప్పక్కర్లేదు. తొలకరి పడి లేతగడ్డి మొలవగానే నిన్నటిదాకా ఎండు మేతతో నెట్టుకొచ్చిన మంద దాని మీద పడుతుంది. ఎప్పుడూ పేగుల్లో కొద్దిపాటిగా ఉండే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి విషం కక్కుతుంది. బాగా మేసిన పిల్లలే, కొవ్వెక్కిన పొట్టేళ్లే ముందు పోతాయి. కొత్తగా ఏ క్రిమీ బయటి నుంచి రాలేదు. మారింది మేత ఒక్కటే. వానలకు ముందే టీకా వేయించడం అందుకే.

బలం వస్తుందని మొక్కజొన్న ఒకేసారి దండిగా పెట్టినా ఇలాంటి గొడవే. పిండిపదార్థం తినే స్ట్రెప్టోకాకస్ బోవిస్ విజృంభిస్తుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, పీచును అరిగించే బ్యాక్టీరియా ఆ పులుపులో బతకలేదు. జీవం మేత మానేసి ఓ మూల నిలబడుతుంది. అదే దాణాను రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచితే పొట్ట సర్దుకుంటుంది. ఆ ఓపికకు రూపాయి ఖర్చు లేదు, అందుకే దానికి ప్రకటనలూ లేవు.

సప్లిమెంట్లన్నీ మోసమేనా అని అడిగేవాళ్లుంటారు. కాదు. ఆస్ట్రేలియాలో గొర్రెలు పచ్చగడ్డి మధ్యే చిక్కి చచ్చిపోతుంటే, మట్టిలో కోబాల్ట్ లేకపోవడమే కారణమని 1930ల్లో తేలింది. కోబాల్ట్ అందితేనే రూమెన్ బ్యాక్టీరియా బీ12 విటమిన్ తయారుచేస్తుంది. వరిగడ్డికి యూరియా పట్టిస్తే సూక్ష్మజీవులకు నత్రజని దొరుకుతుంది. దాణా మీదే బతికే షెడ్డు పొట్టేళ్లకు ఈస్ట్ కొంత మేలు చేస్తుంది. సుబాబుల్‌లోని విషాన్ని విరిచే బ్యాక్టీరియాను హవాయి మేకల్లో గుర్తించి 1980ల్లో ఆస్ట్రేలియాకు తీసుకెళ్లిన రేమండ్ జోన్స్ కథ మరీ గొప్పది, ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు. అయితే అదైనా నిలబడింది సుబాబుల్ మేసే మందల్లోనే. తినడానికి దాని తిండి ఉంది కాబట్టి.

మరి మన జీవాల తిండి ఎక్కడుంది? 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.90 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో సగానికి దగ్గర. ఇన్ని నోళ్లకు ప్రభుత్వాలు ఏం చేశాయో చూడండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. అవినీతి, ఏసీబీ దర్యాప్తు సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు అంతకన్నా పెద్ద తప్పుగా కనిపించేది వేరే. పక్క రాష్ట్రాల్లో ఒక మేతకు అలవాటుపడ్డ జీవాలను లారీల్లో కుక్కి తెచ్చి, తెల్లారేసరికి ఇంకో మేత మీదికి వదిలారు. పొట్టలో సూక్ష్మజీవులకు సర్దుకునే గడువే లేదు. దారిలో, దిగాక చచ్చినవాటికి ఇన్సూరెన్స్ గొడవే మిగిలింది. గొర్రెలు ఇచ్చినవాళ్లు మేపడానికి బీడు ఇవ్వలేదు.

రెవెన్యూ రికార్డుల్లో బీడంటే పనికిరాని భూమి. కాపరి లెక్కలో దాని మీద నల్లతుమ్మ ఉంది, రేగు ఉంది, వానకు లేచే పదిరకాల గడ్డి ఉంది. తుమ్మకాయలో టానిన్లనే వగరు పదార్థాలుంటాయి. మితంగా తింటే అవి మేతలోని ప్రొటీన్ రూమెన్‌లోనే కరిగిపోకుండా కాపాడతాయి. ఇలాంటి పదార్థాలనే విదేశాల్లో పొడి చేసి సప్లిమెంట్‌గా అమ్ముతున్నారు. మనమేమో ఆ చెట్లున్న నేలను ప్లాట్లకు, పరిశ్రమలకు, సోలార్ పలకలకు రాసిస్తున్నాం. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే సుమారు 6 వేల ఎకరాలు. కరెంటు వద్దని నేననను. ఆ మేరకు పోయిన మేతకు లెక్క ఎవరు కట్టారన్నదే నా ప్రశ్న.

చట్టాలు లేక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, రుతువును బట్టి వలస వచ్చే కాపరుల హక్కును పేరుపెట్టి మరీ గుర్తించింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అయినా ఎండాకాలం నల్లమల వైపు మంద కదిలితే కాపరికి ఎదురయ్యేది ఫారెస్టు గార్డే. వచ్చే బడ్జెట్‌లో దాణాకు, మినరల్ మిక్చర్‌కు ఎన్ని కోట్లు కేటాయిస్తారో చెప్పే ముందు, మండలాలవారీగా ఎన్ని ఎకరాల మేత భూమి మిగిలిందో రెండు ప్రభుత్వాలూ అసెంబ్లీలో లెక్క పెట్టాలి.