గ్రాట్యుటీ పడింది

గుంటూరులో నేను టిప్పు ఇచ్చే పద్ధతి చాలా సులువు. బిల్లు తెచ్చిన ప్లేటులో ఒక పక్క సోంపు, ఇంకో పక్క చిల్లర ఉంటాయి. సోంపు నేను తీసుకుని, చిల్లరలో పది రూపాయలు సర్వరుకు వదిలేస్తాను. పెసరట్టు బాగా కాల్చిన రోజు ఇరవై. ఇందులో శాతాలు లేవు, దశాంశాలు లేవు, సంతకాలు అసలే లేవు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. నేను హైస్కూల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. శాతాలు రాని పిల్లల్ని బెంచీ ఎక్కించిన చరిత్ర నాది. ఆ పాపం ఎక్కడికీ పోలేదు, టెక్సస్‌లో నా కోసం కాచుకుని కూర్చుంది.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లిన రెండో రోజే మొదటి దెబ్బ తగిలింది. ఒక దుకాణంలో కాఫీ తీసుకున్నాను. కప్పు నేనే తీసుకున్నాను, ఫ్లాస్కు లోంచి నేనే పోసుకున్నాను, పాలు, పంచదార నేనే కలుపుకున్నాను. డబ్బు కట్టబోతే అక్కడి అమ్మాయి తెర నావైపు తిప్పింది. టిప్పు 18, 20, 25 శాతం అని మూడు పెద్ద గళ్లు. ఏమీ ఇవ్వను అనే గడి కూడా ఉంది, కాకపోతే చీమ తలకాయంత. తెర తిప్పిన అమ్మాయి మర్యాదగా పైకప్పు వైపు చూస్తోంది. నా వెనక వరసలో అయిదుగురు నా వేలి వైపు చూస్తున్నారు. ఎవరికి చేసిన సేవకు ఎవరికి టిప్పు ఇస్తున్నానో తేల్చుకోలేక 25 నొక్కేశాను.

ఆ రాత్రి మా అబ్బాయి నాకు పాఠం చెప్పాడు. "కాఫీ దగ్గర మీ ఇష్టం నాన్నా. హోటల్లో కూర్చుని తింటే మాత్రం తప్పదు. టిప్పు వచ్చే పని కాబట్టి యజమాని వాళ్లకు గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని ఇక్కడి చట్టం. కాలిఫోర్నియాలో అలా కుదరదు, టెక్సస్‌లో ఇంతే. ఆ అంకె 1991 నుంచి మారలేదు."

1991 అనగానే నా గుండె కలుక్కుమంది. నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరం అది. నా జీతం ఎన్ని పీఆర్‌సీలు చూసింది, ఎన్ని డీఏలు చూసింది! వీళ్లకు ఒక్క పీఆర్‌సీ కూడా వేయలేదా? ఆ క్షణమే నిర్ణయించుకున్నాను, నా చేతిమీదుగా ఎవరికీ 20 శాతానికి తగ్గకూడదని.

ఆ అవకాశం మా పెళ్లిరోజు నాడు వచ్చింది. మేమిద్దరం, అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు, మాలాగే చుట్టపుచూపుగా వచ్చిన వియ్యంకుడు, వియ్యపురాలు, మొత్తం ఎనిమిది మందిమి హోటలుకు వెళ్లాం. ఆ పూట బిల్లు నాదేనని ముందే ప్రకటించి, అడ్డు తగులుతాడని అబ్బాయిని బల్లకు ఆ చివర కూర్చోబెట్టాను.

నల్లటి అట్టలో బిల్లు వచ్చింది. తిండి 240 డాలర్లు. పన్ను 8.25 శాతం, 19.80. ఆ రెండింటి మధ్య ఇంకో వరస ఉంది: గ్రాట్యుటీ 18 శాతం, 43.20. మొత్తం 303.

ఆ మాట చూసి నాకు కళ్లు చెమర్చాయి. గ్రాట్యుటీ! నా గ్రాట్యుటీ కోసం నేను ట్రెజరీ ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను. ఇక్కడ చూడండి, పనివాళ్లు రిటైరయ్యాక ఇబ్బంది పడకూడదని తిన్నవాడి దగ్గరే ఎప్పటికప్పుడు వసూలు చేసి జమ చేస్తున్నారు. పక్కనే ఉన్న వియ్యంకుడి చెవిలో వేశాను. ఆయన ప్రైవేటు కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. "మనకూ 1972 నుంచి చట్టం ఉంది బావగారూ, కానీ మామూలుగా అయిదేళ్లు చేస్తేగానీ రాదు. వీళ్లకు రోజువారీగానే పడుతున్నట్టుంది" అని ఆయనా తల ఊపాడు.

వడ్డించిన అమ్మాయికి కార్డు ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని అట్టలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. మన దగ్గర నేను పిన్ను నొక్కుతుంటే పమిట అడ్డుపెట్టి నిలబడే మనిషి ఆవిడ. "ఏమండీ, కార్డు ఎటో పట్టుకుపోతోంది!" అంది. పిన్ను లేకుండా ఏమీ చేయలేదులే అన్నాను. మాట పూర్తయ్యేలోగా ఫోను మోగింది. పిన్ను లేదు, ఓటీపీ లేదు, 303 డాలర్లు పోయాయని బ్యాంకు కబురు.

కార్డుతో పాటు రెండు చీటీలు వచ్చాయి, ఒకటి వాళ్లకు, ఒకటి నాకు. చీటీలో 303 అచ్చయి ఉంది. కింద టిప్పుకు ఒక ఖాళీ, మొత్తానికి ఒక ఖాళీ. పూరించాల్సిన ఖాళీలు చూస్తే నాకు చేయి ఆగదు. మూడు వందల మూడులో ఇరవై శాతం 60.60. మొత్తం 363.60. కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. కింద గీత గీసి, మూడు సంవత్సరాల సర్వీసు మిగిలినవాడిలా ఠీవిగా సంతకం పెట్టాను. చీటీ చూసిన అమ్మాయి గుండె మీద చేయి వేసుకుంది. చిన్న మనవడికి ఇంకో ఐస్‌క్రీం తెచ్చింది.

కారు దగ్గర అబ్బాయి అడిగాడు. "టిప్పు ఎంత రాశారు నాన్నా?"

"ఇరవై శాతం. గ్రాట్యుటీతో కలిపి, మొత్తం మీద."

వాడు ఒక్క క్షణం ఆగాడు. "గ్రాట్యుటీతో కలిపా?"

బిల్లు అడిగాడు. నేను ఏ కాగితమూ పారేయను కాబట్టి జేబులోనే ఉంది. ఫోను వెలుతురులో చదివి, కారు మీద చేయి ఆనించి, "నాన్నా, ఇక్కడ టిప్పునే గ్రాట్యుటీ అంటారు. ఆరుగురు దాటితే చాలాచోట్ల వాళ్లే వేసేసుకుంటారు" అన్నాడు.

అప్పుడు వియ్యంకుడు దగ్గాడు. "నేను కూడా ప్లేటు కింద ఒక ఇరవై డాలర్లు పెట్టాను. మీరు చూస్తే వద్దంటారని."

43.20, 60.60, 20. కలిపితే 123.80. అంటే 240 మీద 51.58 శాతం. ఈ లెక్క కూడా నోటితోనే చేశాను, ఎవరూ మెచ్చుకోలేదు. జపాన్‌లో అయితే బల్ల మీద డబ్బు వదిలినా వెంటపడి తిరిగి ఇచ్చేస్తారని కోడలు ఓదార్పుగా చెప్పింది. పెళ్లిరోజుకు అక్కడికి వెళ్లాల్సింది.

మా ఆవిడ మాత్రం ధైర్యం వదల్లేదు. "మెసేజిలో 303 అనే కదా ఉంది? మీరు రాసింది వాళ్లు చూసుకుని ఉండరు" అంది. రెండు రోజులు ఆ ఆశతో బతికాం. కార్డు గీసినప్పుడు బిల్లు మొత్తానికే అనుమతి తీసుకుంటారని, టిప్పు తర్వాత కలిపి అసలు పద్దు పంపుతారని అబ్బాయి చెప్పినా మేం వినిపించుకోలేదు. మూడో రోజు పొద్దున్నే యాప్‌లో 363.60 దర్శనమిచ్చింది. దాని కింద మన బ్యాంకు వేసుకున్న విదేశీ మారకం రుసుము ఉంది. ఆ రుసుము మీద జీఎస్టీ, అదీ 18 శాతమే.

"ఇంతకీ ఆ టిప్పంతా రూపాయల్లో ఎంతండీ?" అని కాఫీ ఇస్తూ అడిగింది మా ఆవిడ.

ఫోను బోర్లా పెట్టాను. 31 ఏళ్లు లెక్కలు చెప్పిన నోటితో, ఆ గుణకారం నాకు రాదన్నాను.