నిక్కరు చేసిన ట్రాక్ స్టాండ్

సైకిల్ తొక్కడం ఒకసారి వచ్చిందంటే జన్మలో మరిచిపోరని అంటారు. అన్నవాళ్లెవరూ మౌంటెన్ బైక్ కోచింగుకి వెళ్లి ఉండరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా శ్రద్ధగా నేర్చుకుంటే చాలు, చిన్నప్పుడెప్పుడో పట్టుబడ్డ విద్య కూడా శుభ్రంగా వదిలిపోతుంది.

నన్ను అందులో చేర్పించింది మా బావమరిది. ఏ పని మొదలుపెట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా వాడికి నిద్ర పట్టదు. తెలిశాక నాకు పట్టనివ్వడు. 1976లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ కొండల్లో కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లేసుకుని కిందికి దిగే పందెం పెట్టుకున్నారట. సుమారు రెండు మైళ్ల మట్టిదారి, 1300 అడుగుల దిగుడు. బ్రేకు చూద్దామా అంటే, పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో పట్టే రకం. అడుక్కి చేరేసరికి హబ్బులో గ్రీజంతా కాలి పొగైపోయేదట. మళ్లీ దిగాలంటే విప్పి, కొత్త గ్రీజు కూరి బిగించుకోవాల్సిందే. ఆ తర్వాత 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే ఫ్రేము కట్టాడు, 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు అమ్మకానికొచ్చింది, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకి పతకాలిచ్చారు.

“మరి ఆ గ్రీజు తగలేసుకున్న వాళ్లకి కోచింగ్ ఎవరిచ్చార్రా?” అన్నాను.

“వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు కాబట్టే మనకి పెట్టారు బావా,” అన్నాడు. ఇలాంటి జవాబులకి వాడి దగ్గర ఎప్పుడూ కరువు లేదు.

కోచింగులో మొదటి గంటంతా ఎవరూ సైకిల్ ఎక్కలేదు. కోచ్ చిన్నవాడు, మహా మర్యాదస్తుడు. ఆయన నోటివెంట ‘తప్పు’ అన్న మాట రాదు. ఎవరేం చేసినా ముందు “సూపర్ సార్” అంటాడు, ఆ తర్వాత మొత్తం మార్చమంటాడు. నా టైరు వేలితో నొక్కి చూసి, “సూపర్ సార్, బాగా గట్టిగా ఉంది” అని వాల్వు నొక్కిపట్టాడు. నేను చెమటోడ్చి కొట్టిన గాలి నా కళ్లముందే బుస్సుమంటూ వెళ్లిపోయింది. 50 పీఎస్ఐ ఉన్నది 25 దగ్గర ఆగింది. టైరు కాస్త మెత్తగా ఉంటేనే రాళ్ల మీదా వేర్ల మీదా ఒదిగి నేలని పట్టుకుంటుందట, మరీ బిగిస్తే ఎగిరెగిరిపడుతుందట.

తర్వాత సస్పెన్షన్ వంతు. మనిషి ఎక్కగానే వెనక షాక్, అంటే కుదుపుల్ని మింగే గాలి గొట్టం, తన మొత్తం కదలికలో 25 నుంచి 30 శాతం కుంగాలి. అంతకన్నా తక్కువైతే మనిషికి దెబ్బ, ఎక్కువైతే సైకిలుకి దెబ్బ. అది కొలవాలంటే సైకిల్ మీద కదలకుండా ఉండాలి, అంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ముందు హ్యాండిల్ మా బావమరిది, పక్కన మాతో పాటు నేర్చుకోవడానికొచ్చిన బ్యాంకు మేనేజరు గారు పట్టుకున్నారు. నేను ఎక్కాను. షాక్ మీది రబ్బరు రింగు ఎక్కడిదాకా జరిగిందో చూడ్డానికి కోచ్ వంగాడు. వంగినవాడు కాసేపు లేవలేదు. చివరికి “సూపర్ సార్” అని పంపు తెమ్మన్నాడు. టైర్లలోంచి తీసినంత గాలీ షాకులోకి కొట్టాల్సి వచ్చింది.

ఇక నిలబడే తీరు. పెడళ్లు రెండూ సమానంగా, మోకాళ్లు వంచి, నడుము వెనక్కి నెట్టి, మోచేతులు బయటికి తెరిచి, గడ్డం హ్యాండిల్ మీదకి తెచ్చి, మడమలు కిందికి దించి, చూపు దూరంగా పెట్టాలి. దీన్ని రెడీ పొజిషన్ అంటారు. బళ్లో గోడకుర్చీ వేసినవాళ్లకి ఇది కొత్తేం కాదు, ఇక్కడ గోడ ఇవ్వరంతే. మడమలు దించితే మోచేతులు మూసుకుపోయేవి, మోచేతులు తెరిస్తే మడమలు లేచిపోయేవి. ఈ రెంటికీ లోపల ఏదో తాడు కట్టి ఉందని నా అనుమానం. మాలో ఒక డాక్టరమ్మ కూడా ఉన్నారు కదా అని అడిగాను.

“నేనివాళ డ్యూటీలో లేనండీ,” అన్నారావిడ, తొడలు వణుకుతుండగా.

బ్రేకుల పాఠంలో హీరో మాత్రం మేనేజరు గారే. బ్రేకు మీద ఒక్క చూపుడు వేలే ఉండాలి, మిగతావి హ్యాండిల్‌ని పట్టుకోవాలి. అంతవరకూ బాగానే ఉంది. ముందు బ్రేకు వాడమంటేనే ఆయన ససేమిరా అన్నారు. “నాకు దాని మీద నమ్మకం లేదండీ,” అని వెనక బ్రేకొక్కటే నొక్కి, మైదానం సగం దాకా గీత గీసుకుంటూ వెళ్లారు. కోచ్ ఓపిగ్గా చెప్పాడు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి సైకిల్‌ని నిజంగా ఆపేది ముందు బ్రేకే. బరువు తేలిపోయిన వెనక చక్రం బిగుసుకుపోయి జారుతుంది, జారే టైరుకి పట్టుండదు. బరువు ఎంత ముందుకొస్తే నడుము అంత వెనక్కి పెట్టి, మడమలు దించి, మెల్లగా నొక్కుతూ పోవాలి. మేనేజరు గారు అంతా విని, తల ఊపి, ముందు బ్రేకుని పూర్తిగా నమ్మారు. సైకిల్ ఆగింది. మేనేజరు గారు ఆగలేదు. హ్యాండిల్ మీంచి వెళ్లి, అదేం చిత్రమో, రెండు కాళ్ల మీదే దిగారు.

“సూపర్ సార్! ఇప్పుడిదే నడుము వెనక్కి పెట్టి చేద్దాం.”

ఆ తర్వాత రాయి. ఆ మైదానంలో ఎటు చూసినా చదును నేలే. కోచ్ దాని మధ్యలో కొబ్బరికాయంత రాయి ఒకటి పెట్టి, “మనం ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది సార్. రాయిని చూడొద్దు, పక్కనున్న దారిని చూడండి” అన్నాడు. చూడొద్దన్నాక చూడకుండా ఉండే మనిషి ఇంకా పుట్టలేదు. అంత మైదానం వదిలేసి, ఒకరి తర్వాత ఒకరం గురి చూసి కొట్టినట్టు వెళ్లి దాన్నే గుద్దాం. డాక్టరమ్మ గారైతే పక్కనుంచి దాటిపోయినట్టే పోయి, ‘దాటానా లేదా’ అని ఓసారి తల తిప్పారు, వెనక చక్రంతో గుద్దేశారు. ఇక లాభం లేదని కోచ్ ఆ రాయి తీసి చేతిలో పట్టుకుని పక్కకెళ్లి నిలబడ్డాడు. అప్పుడు వచ్చినవాడు మా బావమరిది. వాడి చూపు రాయి మీదే ఉంది. సైకిల్ చూపుని అనుసరించింది. పాఠం ఎంత నిజమో కోచ్‌కి కూడా ఆ క్షణంలోనే బాగా తెలిసినట్టుంది. లేచి దుమ్ము దులుపుకుంటూ “సూపర్ సార్” అన్నాడు గానీ, గొంతులో మునుపటి ఊపు లేదు.

ట్రాక్ స్టాండ్ గురించి ఇక్కడే ఒక ముక్క చెప్పాలి. కాలు నేల మీద పెట్టకుండా, సైకిల్ కదలకుండా, ఉన్నచోటే నిలబడ్డం. పెడళ్లు సమంగా ఉంచి, ముందు చక్రం కొద్దిగా పక్కకి తిప్పి, పెడల్ మీద కాస్త వత్తిడి, బ్రేకు మీద కాస్త వత్తిడి మారుస్తూ తూకం చూసుకోవాలి. దారిలో ఎక్కడైనా ఆగి ఆలోచించుకోవాలంటే ఇది వస్తే మంచిదట. నాకైతే ఆలోచించుకోవాలంటే దిగితే సరిపోతుంది అనిపించింది. మాలో ఎవరికీ అది రెప్పపాటు కన్నా ఎక్కువసేపు కుదరలేదు. కాలేజీ కుర్రాడొకడు ఉన్నాడు, మిగతావన్నీ ఇట్టే పట్టేశాడు, ఇది మాత్రం రాక మొహం ముడుచుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక వాలు మీదకి తీసుకెళ్లారు. పెద్ద కొండేం కాదు, పైనుంచి చూస్తే మాత్రం కొండే. దిగేముందు సీటు దించుకోవాలి. ఈ సైకిళ్లకి డ్రాపర్ పోస్ట్ అని ఉంటుంది. హ్యాండిల్ దగ్గర ఎడమ బొటనవేలి కింద చిన్న మీట. అది నొక్కి సీటు మీద కూర్చుంటే సీటు కిందికి దిగుతుంది. మీద బరువు లేకుండా నొక్కితే లోపలి స్ప్రింగు దాన్ని ఠకీమని పైకి లేపుతుంది. మనిషికి ఎంతో ఉపకారం చేసే వస్తువు. ఎప్పుడు చెయ్యాలన్నది మాత్రం బొటనవేలి దయ.

ఇక్కడ నా నిక్కరు గురించి చెప్పకపోతే అన్యాయం. మౌంటెన్ బైకర్లు వదులు నిక్కర్లేసుకుంటారని మా బావమరిది ఎక్కడో చదివి, నాకు పట్టే దానికన్నా రెండు సైజులు ఎక్కువది తెచ్చాడు. “గాలాడుతుంది బావా” అన్నాడు. ఆడింది. ఇద్దరికి సరిపడా ఆడింది.

నా వంతు వచ్చింది. సీటు దించాను. వాలు అంచు దాటగానే నడుము దానంతటదే వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లి, సీటు దాటి వెనక చక్రం మీద వేలాడింది. కింద నుంచి కోచ్ “అంత వెనక్కొద్దు సార్, ముందు చక్రం తేలిపోతుంది, బరువు కాళ్ల మీద పెట్టండి” అని అరుస్తూనే ఉన్నాడు. ఆ మాటలో న్యాయముందని నాకూ తెలుసు. కానీ అప్పటికి శరీరం నా చేతిలో లేదు. మొత్తానికి వాలు అయిపోయింది, చదునుకి వచ్చాను, వేగం తగ్గింది. ఇక ముందుకొద్దామని నడుము లాగితే రాదే! నిక్కరు వేలాడుతున్న చోట సీటు వెనక అంచు కొక్కెమేసి పట్టుకుంది. విడిపించుకుందామని గింజుకుంటుంటే హ్యాండిల్ మీద పట్టు బిగిసి, ఎడమ బొటనవేలు మీటని నొక్కేసింది. సీటు మీద బరువు లేదు కదా, నిక్కరుతో సహా పైకి లేచింది.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. ముందుకి రాలేను, వెనక్కి పోలేను. సీటు పూర్తిగా లేచింది కాబట్టి కాళ్లు నేలకందవు. కూర్చోవడం కాదు, నిలబడ్డం కాదు. వేళ్లు బ్రేకుల మీద బిగుసుకుపోయాయి, సైకిల్ ఆగిపోయింది. చేసేదేం లేక హ్యాండిల్‌ని ఇటూ అటూ తిప్పుతూ, పెడళ్ల మీద ఒకసారి ఆ కాలూ ఒకసారి ఈ కాలూ నొక్కుతూ, ఊపిరి బిగబట్టి అలాగే ఉన్నాను.

“ఆగండి, అందరూ ఇటు చూడండి!” కోచ్ గొంతు ఖంగున మోగింది. “ట్రాక్ స్టాండ్ అంటే ఇదీ! ముందు చక్రం చూశారా, కొద్దిగా పక్కకి తిప్పారు. పెడళ్లు చూశారా, సమానంగా ఉన్నాయి. మొహంలో ఆ ఏకాగ్రత చూడండి!”

చప్పట్లు మొదలయ్యాయి. కుర్రాడు ఫోన్ తీసి వీడియో పట్టాడు. మేనేజరు గారు వాచీ చూసుకుని సెకన్లు పైకి లెక్కపెట్టడం మొదలెట్టారు. నేను “రేయ్” అని మాత్రం అనగలిగాను, అది మా బావమరిదికి ఉద్దేశించింది. వాడు దాన్ని సంతోషంగా తీసుకుని బొటనవేలు ఎత్తి చూపించాడు.

తర్వాత జరగాల్సిందే జరిగింది. చాలా నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, నేనూ సైకిలూ నిక్కరూ కలిసి ఎడమవైపుకి ఒరిగాం. గడ్డి మెత్తగా ఉంది. కింద పడ్డా మేం ముగ్గురం విడిపోలేదు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, డ్యూటీలో లేకపోయినా పరిస్థితి మొత్తం ఒక్క చూపులో గ్రహించారు. పైకి ఏమీ అనలేదు. కుట్టు దగ్గర పట్టుకుని నేర్పుగా విడదీసి, “నొప్పుందా?” అని అడిగి, మొహం అటు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి వీడియోలు చూపించారు. నాది స్లో మోషన్లో పెట్టారు. అదృష్టం, కుర్రాడు ముందు నుంచి తీశాడు, వెనక ఏం జరుగుతోందో అందులో లేదు. కోచ్ దాన్ని ఆపి ఆపి, మడమలు ఎంత దిగాయో వేలితో చూపించాడు. నిక్కరు మనిషిని పైకి లాగేస్తుంటే మడమలకి మిగిలిన దారి కిందికి దిగడం ఒక్కటే. ఆ రహస్యం నాకూ డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ వృత్తిధర్మం పాటించారు.

అంతా అయ్యాక సైకిళ్లు కార్లకెక్కిస్తుంటే ఆ కుర్రాడు నా దగ్గరకొచ్చాడు. “అంకుల్, ఆ ట్రాక్ స్టాండ్ నాకూ నేర్పించరా? నడుము అంత వెనక్కి పెట్టి ఎలా నిలబడ్డారు?”

నేను వాణ్ని ఒకసారి ఆపాదమస్తకం చూశాను. ఒంటికి అంటుకున్న బిగుతు నిక్కరు.

“దానితో రాదు బాబూ,” అన్నాను గంభీరంగా. “ముందు రెండు సైజులు పెద్దది కొనుక్కో.”

వాడు ఫోన్‌లో రాసుకున్నాడు.