తెనాలి పిన్ని బెంగళూరు వెళ్లనక్కర్లేదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట బాబాయి పంపాడు. తర్వాత ఇంటర్ స్నేహితుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో కనిపించింది. నిన్న నాతోపాటు లా చదివిన స్నేహితురాలే పంపింది. "ఆన్‌లైన్ షాపింగ్: లాయర్లు చెప్పని ఐదు నిజాలు" అని దాని పేరు. అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే కేసు తీసుకోరట. ఏ వస్తువునైనా 30 రోజుల్లో వెనక్కి పంపితే డబ్బు మొత్తం ఇచ్చి తీరాలట. ఒకసారి 'ఐ అగ్రీ' నొక్కాక కంపెనీ ఉన్న ఊరికి, అంటే బెంగళూరుకో గురుగ్రామ్‌కో, పోయి కేసు వేసుకోవాలట. లాయరుకీ ఫీజుకీ వేలల్లో ఖర్చట. ఇంత చేసినా ఏళ్ల తరబడి తేలదట. డిజిటల్ మార్కెట్లలో వినియోగదారుల రక్షణ మీద పీహెచ్‌డీ మొదలుపెట్టి నాకు రెండేళ్లయింది. ఇది చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు.

వీడియో ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. ఉంటే మంచిదే. లేకపోతే బిల్లు, ఫొటోలు, కస్టమర్ కేర్‌తో చేసిన చాట్ ఉంటాయి కదా. జిల్లా వినియోగదారుల కమిషన్ (ఈ కేసులు వినేది అదే) విచారణ జరిపేది అఫిడవిట్ మీద, పత్రాల మీద.

30 రోజుల మాట సగం చదివి రాసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47)లో ఆ గడువు ఉంది కానీ, అది లోపమున్న వస్తువుకి, అదీ బిల్లులో వేరే గడువు రాయనప్పుడు. రంగు నచ్చలేదనో మనసు మారిందనో వెనక్కి ఇచ్చే హక్కు చట్టం ఇవ్వలేదు. అమ్మినవాళ్లు ఒప్పుకుంటేనే అది.

ఇక మూడోది. నాకు కోపం తెప్పించింది ఇదే.

తెనాలిలో మా పిన్ని ఆన్‌లైన్లో 6,200 పెట్టి వెట్ గ్రైండర్ కొంది. రాయి పగిలి వచ్చింది. వెనక్కి తీసుకెళ్లడానికి మనిషి వస్తాడని మూడుసార్లు వాయిదా వేసి, చివరికి "రిటర్న్ గడువు అయిపోయిందమ్మా" అన్నారు. వస్తువు పాడైతే వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో స్పష్టంగా ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా పరిష్కరించాలని కూడా ఉంది. పిన్ని ఇవేవీ అడగలేదు. "బెంగళూరు దాకా ఎవరు తిరుగుతారే, మెసేజ్‌లో చూశాగా" అంది. గ్రైండర్ మీద పాత దుప్పటి కప్పి మెట్ల కింద పెట్టింది. ఇడ్లీ పిండికి పక్కింటికి వెళ్తోంది.

ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి 2019 చట్టం తెరిచి చూశాడా? పాత 1986 చట్టంలో ఎదుటి పార్టీ ఉన్న చోటో, వివాదానికి కారణం పుట్టిన చోటో కేసు వేయాలనే ఉండేది. ఆన్‌లైన్ కొనుగోలుకి కారణం ఎక్కడ పుట్టిందన్నదే పెద్ద వాదన అయ్యేది. 2019 చట్టం సెక్షన్ 34 ఆ తిప్పలు తీసేసింది. ఫిర్యాదు చేసేవాళ్లు ఉంటున్న చోట, లేదా పని చేసుకుంటున్న చోట వేయొచ్చు. పిన్నికి గుంటూరు చాలు, బస్సులో గంట.

'ఐ అగ్రీ' నొక్కావు కదా అంటారా? వివాదాలు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఒప్పందంలో సంతకం పెట్టించుకున్నా, ఆ షరతు వినియోగదారుడిని కమిషన్‌కి రాకుండా ఆపలేదని ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సంతకం పెట్టిన కాగితానికే దిక్కు లేనప్పుడు, ఎవరూ చదవని పేజీ కింద ఒక బటన్ నొక్కితే హక్కులన్నీ పోతాయా? అయితే ఇక్కడ అసలైన ఇబ్బంది ఒకటుంది. ఒప్పందమే అన్యాయమైనదని దాన్ని కొట్టేయించాలంటే జిల్లా కమిషన్‌కి ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. జనానికి హెచ్చరిక చెయ్యాలనుకుంటే ఇది చెప్పాలి. మెసేజ్‌లో ఈ ముక్క లేదు.

లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు సున్నా. ఫిర్యాదు ఆన్‌లైన్లోనే వేయొచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు.

ఐదోది మాత్రం ఒప్పుకుంటాను. పరీక్షలు అక్కర్లేని కేసు 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాల్సింది 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. కమిషన్లలో ఆ గడువు నిలవడం లేదు. వాయిదాలకి విసిగి వదిలేసినవాళ్లతో నేనే మాట్లాడాను. వాళ్లకి ఈ మెసేజ్ అబద్ధమని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమంటాను. చాలా గొడవలు కేసు దాకా పోకుండా అక్కడే సర్దుకుంటాయి.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. పిన్ని బిల్లు ఫొటో తెప్పించుకుని తేదీ చూశాను. ఇంకా ఐదు నెలలుంది. ఆదివారం తెనాలి వెళ్లి, పక్కన కూర్చుని ఫిర్యాదు రాయిస్తున్నాను.